ఎడమ బూటు

బెయిర్న్స్‌డేల్ దాటాక మూడో మలుపులో
మేధిని కారంతా కక్కేసింది.
అందుకని బకన్ గుహల దగ్గర దిగేసరికి
పిల్ల ఒంటి మీద అన్న చొక్కా, మోకాళ్ళ దాకా.
కాళ్ళకి మాత్రం అవే బూట్లు,
అడుగేస్తే మడమలో ఎర్రగా మెరిసేవి.
కుడిది పోయిన వారమే ఆరిపోయింది.
ఎడమది ఇంకా పనిచేస్తోంది.

యూకలిప్టస్ నీడలో కంగారూలు
తలెత్తి మమ్మల్ని చూసి, పెద్ద విశేషమేం లేదని
మళ్ళీ గడ్డిలో పడ్డాయి.

గైడు పేరు గ్లెనిస్. అరవై దాటి ఉంటాయి.
నడుముకి తాళాల గుత్తి,
కొండ లోపలి పెత్తనమంతా తనదే అన్నట్టు.
ఇనుప తలుపు తీసి "తలకాయలు జాగ్రత్త" అంది.
మేమందరం నడుములు వంచాం.
నాలుగేళ్ళ పిల్ల ఒక్కతే
రాణీగారిలా నిటారుగా లోపలికి వెళ్ళింది.

లోపల ఒకటే చలి. కప్పు నిండా రాతి ధారలు.
"ఎవరో జంతికలు పిండుతూ మధ్యలో లేచెళ్ళిపోయారమ్మా"
అంది మేధిని.
తారకేశ్‌కి లెక్క కావాలి:
వందేళ్ళకి గోరంత పెరిగితే
నా అంత అవడానికి ఎన్నేళ్ళు?
వాళ్ళ నాన్న వేళ్ళు మడిచాడు, విప్పాడు,
పదకొండు వేలో ఎంతో అన్నాడు,
దానికీ దీనికీ సంబంధం లేకుండా
"ఇక్కడ సిగ్నల్ లేదురా" అని కూడా అన్నాడు.

నా పాపిట్లో చల్లగా ఒక చుక్క పడింది.
"గుహ నీకు ముద్దు పెట్టింది,
తుడుచుకోకు" అంది గ్లెనిస్.
తుడుచుకోలేదు.

పెద్ద గదిలో అందర్నీ కమ్మీ పక్కన నిలబెట్టి
"ఇప్పుడు దీపాలార్పుతాను.
ఇంతవరకూ మీరు చీకటి అనుకున్నది
చీకటి కాదు" అంది.

ఆర్పింది.

కళ్ళు మూసినా తెరిచినా ఒకటే.
నాకో చెయ్యి ఉందన్నది నమ్మకమే, సాక్ష్యం లేదు.
ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.
ఎక్కడో ఒక చుక్క రాలింది. చాలాసేపటికి ఇంకోటి.
కిందికి తడిమితే చిన్న చెయ్యి దొరికింది.
పట్టుకున్నాను. అదీ పట్టుకుంది,
గోళ్ళు దిగేంత గట్టిగా.
ఇక్కడే ఉన్నానమ్మా అన్నాను,
బంగారు కొండా అన్నాను, ఏం భయం లేదన్నాను,
బొటనవేలితో ఆ వేళ్ళ కణుపులు నిమిరాను.

అప్పుడు, నాకు ఆరడుగుల అవతల,
నేల దగ్గర,
ఎర్రగా
ఒక్క మెరుపు.

ఎడమ బూటు.

మరి ఇదెవరి చెయ్యి?

వదిలేసి అటు పరుగెత్తొచ్చు.
నా కాలు కదిలింది కూడా.
కానీ ఈ చెయ్యి, నా మాట ఒక్కటీ అర్థం కాకుండానే
నన్ను నమ్మేసింది. చెమట పట్టి ఉంది.
నా ఉంగరాన్ని మెల్లగా తిప్పుతోంది,
ఇంకెవరి వేలికో చేసే అలవాటు కాబోలు.

మెరుపు మళ్ళీ వెలిగింది. మళ్ళీ.
గంతులేస్తోంది మహాతల్లి.
"ఎవరివా బూట్లు?" చీకట్లోంచి గ్లెనిస్.
"నావి!"
గుహ కూడా నావి అంది.

దీపాలొచ్చాయి.
చుక్కల చుక్కల ముఖం, ముందు పన్ను లేదు,
ఐదేళ్ళుంటాయేమో, వాడు
నన్ను చూశాడు, చేతిని చూశాడు.
వెంటనే ఏం వదిలెయ్యలేదు.
వాళ్ళమ్మ సారీ సారీ అంటూ వచ్చి తీసుకెళ్ళింది.
మేధిని కమ్మీ దగ్గర ఒక్కతే ఉంది.
ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. వెతికినట్టూ లేదు.

తిరుగుదారిలో కారు నేనే నడిపాను,
వాసనకి అద్దాలు దించి, మలుపుల్లో మెల్లగా.
"మనం వచ్చేశాక ఆవిడ మళ్ళీ చీకటి వేసేసిందా?"
వెనక సీట్లోంచి, నిద్రమత్తులో.
వేసే ఉంటుందన్నాను.

స్టీరింగ్ మీద నా చేతి వెనక
నాలుగు గోటి గుర్తులు.
ట్రరాల్గన్ చేరేలోపు మూడు పోయాయి.